జర్మన్ ‘డొఖ్’ పట్టుబడాలంటే: తెలుగువారి కోసం సమగ్ర మార్గదర్శి

జర్మనీలో ఒక వృద్ధాశ్రమంలో పనికి చేరిన రెండో వారం. పొద్దున డ్యూటీ. తోటి నర్సు ఇన్సులిన్ పెన్ను చేతిలో పట్టుకుని, ఒక గది తలుపు దగ్గర నిలబడి నన్ను అడిగింది: ‘హట్ జీ నొఖ్ నిశ్ట్స్ గెగెసెన్?’ ఆవిడ ఇంకా ఏమీ తినలేదా అని. నేను తెలుగులో ఆలోచించి ‘యా’ అన్నాను. నా లెక్కలో అది ‘అవును, తినలేదు’. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసి మళ్లీ అడిగింది: ‘నైన్ ఓడర్ డొఖ్?’

నైన్ అంటే ‘కాదు’ అనీ, డొఖ్ అంటే ‘కానీ’ అనీ నేర్చుకుని వచ్చాను నేను. ‘కాదా, కానీనా?’ అంటే ఏం జవాబు చెప్పాలి? చివరికి ఖాళీ చేయి నోటి దగ్గర పెట్టి, తల అడ్డంగా ఊపి చూపించాను. ఇన్సులిన్ పడి తిండి పడకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చని నర్సులకు చెప్పక్కర్లేదు. ఆ రోజు సాయంత్రం నుంచి ఈ ఒక్క పదాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు.

నిఘంటువు తెరిస్తే డొఖ్ కింద కానీ, అయినా, అవును, కదా, చివరికి, మరి అని వరసగా అర్థాలు కనిపిస్తాయి. వాటిని బట్టీ పడితే లాభం లేదు. వాటన్నిటినీ కలిపే తీగ ఒకటుంది. డొఖ్ వినిపించిందంటే దగ్గర్లో ఎక్కడో ఒక ఎదురు మాట ఉన్నట్టే. అది ఎవరో పైకి అన్న మాట కావచ్చు, ఎవరి మనసులోనో ఉన్న అనుమానం కావచ్చు, మీరే నిన్న అనుకున్నది కావచ్చు. డొఖ్ దాన్ని తోసేస్తుంది. అందుకే డొఖ్ వినగానే ‘దీని అర్థమేమిటి’ అని వెతక్కుండా ‘ఇది దేన్ని తోస్తోంది’ అని వెనక్కి చూడండి. కింద ఉన్న అడుగులన్నీ ఆ చూపు అలవాటు చేయడానికే.

జర్మన్ పరీక్షల్లో మొదటి మెట్టైన ఏ1 పూర్తయి, తర్వాతి మెట్లైన ఏ2, బీ1లో ఉన్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. ఆ పై మెట్టు బీ2 పాసై వచ్చిన నర్సులకు, అక్కడ చదువుకుంటున్న పిల్లలకు కూడా. పరీక్ష పాసైనా డొఖ్ నోటికి రాని వాళ్లను చాలామందిని చూశాను.

మొదటి అడుగు: పలకడం

జర్మన్‌లో దీన్ని డి, ఓ, సి, హెచ్ అని నాలుగు అక్షరాలతో రాస్తారు. ఇందులో అచ్చు పొట్టిది, మన ‘ఒ’. తెలుగులో ఒ, ఓ రెండూ వేరువేరుగా ఉండటం ఇక్కడ మనకు కలిసొస్తుంది. ‘హోఖ్’ అంటే ఎత్తు, అందులో దీర్ఘం. ‘డొఖ్’, ‘నొఖ్’లలో హ్రస్వం. ఈ తేడా మన చెవికి శ్రమ లేకుండా దొరుకుతుంది.

కష్టం చివరి ధ్వనితోనే. నేను ‘ఖ్’ అని రాస్తున్నాను కానీ అది మన ‘ఖ’ కాదు. మన ‘ఖ’లో గాలి ఒకసారి ఆగి బయటికొస్తుంది. జర్మన్‌లో గాలి ఆగదు, గొంతు వెనక గరగరలాడుతూ పోతుంది. హైదరాబాద్‌లో ఉర్దూ మాట్లాడేవాళ్లు ‘ఖబర్’ అన్నప్పుడు మొదట వినిపించే ధ్వని అదే. పరీక్ష చాలా సులువు: చివరి ధ్వనిని మూడు సెకన్లు సాగదీయండి. సాగితే సరిగ్గా పలికినట్టు. సాగకపోతే మీరు ‘డొక్’ అంటున్నారు. జర్మన్‌లో డొక్ అంటే ఓడలను మరమ్మతు చేసే చోటు.

అదే సి, హెచ్ జంట ఇ, ఎ లాంటి అచ్చుల తర్వాత వస్తే మెత్తబడి మన ‘శ’కు దగ్గరగా ఉంటుంది. అందుకే ఇక్కడ ఇశ్ (నేను), నిశ్ట్ (కాదు, లేదు) అని రాస్తున్నాను.

రెండో అడుగు: ఒంటరి డొఖ్

ముందుగా నేర్చుకోవాల్సింది ఇదే. జవాబుగా ఒంటరిగా వచ్చే డొఖ్. నాకు దెబ్బ తగిలిందీ ఇక్కడే.

తెలుగులో ‘నువ్వు తినలేదా?’ అని ఎవరైనా అడిగితే, తినకపోతే ‘అవును, తినలేదు’ అంటాం. ‘లేదు, తినలేదు’ అని కూడా అంటాం. రెండూ నడుస్తాయి, ఎందుకంటే అసలు కబురు చివరి క్రియలో ఉంటుంది. తిని ఉంటే ‘లేదే, తిన్నానే’ అంటాం, ‘ఎందుకు తినలేదు, తిన్నా’ అంటాం. తెలుగువాళ్లు క్రియను మళ్లీ పలకడంతోనే పని పూర్తి చేస్తారు.

జర్మన్ పద్ధతి వేరు. అడిగినవాళ్ల మాటతో మనం ఏకీభవిస్తున్నామా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. జరిగిందా, జరగలేదా అన్నదే లెక్క. ప్రశ్నలో ‘లేదు’ ఉన్నప్పుడు జవాబులు రెండే:

జరగలేదు అయితే నైన్.
జరిగింది అయితే డొఖ్.

‘యా’కు ఇక్కడ చోటు లేదు. ‘హాబెన్ జీ కైనె ట్సైట్?’ అంటే మీకు టైమ్ లేదా అని. టైమ్ లేకపోతే ‘నైన్’. ఉంటే ‘డొఖ్’. పొరపాటున ‘యా’ అంటే ఎదుటివాళ్లకు ఏం తోచదు. మళ్లీ అడుగుతారు, లేదా వాళ్లకు తోచినట్టు అర్థం చేసుకుంటారు. ఆసుపత్రిలో, బ్యాంకులో, వీసా ఆఫీసులో ఆ రెండోది ప్రమాదం.

ఇది జర్మన్లకే ఉన్న వింత అనుకోకండి. ఫ్రెంచివాళ్లు ఇదే పనికి ‘సి’ అంటారు. ఒకప్పటి ఇంగ్లీషులో కూడా ఈ ఏర్పాటు ఉండేది. మామూలు ప్రశ్నకు ‘యే’ అనేవాళ్లు, లేదు అన్న ప్రశ్నను తిప్పికొట్టడానికే ‘యెస్’ అనేవాళ్లు. కాలక్రమంలో ‘యెస్’ రెండు పనులూ తీసుకుంది. మన చదువంతా ఇంగ్లీషు మీదుగా సాగింది కాబట్టి ఈ తేడా మనకు కనపడకుండా పోయింది.

ప్రశ్నకే కాదు, మాటకు కూడా ఇదే సూత్రం. ‘డు కొమ్స్ట్ నిశ్ట్ మిట్’ అంటే ‘నువ్వు మాతో రావట్లేదు’. రావాలనుకుంటే ‘డొఖ్!’ ఇక్కడ తెలుగులో ‘ఎందుకు రాను!’ సరిగ్గా అతుకుతుంది. జర్మన్ పిల్లలు పోట్లాడుకుంటే ఒకరు నైన్, ఇంకొకరు డొఖ్, మళ్లీ నైన్, మళ్లీ డొఖ్ అని ఊపిరాడేదాకా అంటూనే ఉంటారు. మన పిల్లల ‘కాదు’, ‘అవును’ లాగే. పార్కులో బెంచీ మీద పది నిమిషాలు కూర్చుంటే చాలు, ఈ పాఠం ఉచితంగా వినిపిస్తుంది.

ఒంటరి డొఖ్‌కు ఒక మెత్తని రూపం కూడా ఉంది. భోజనానికి పిలిచినవాళ్లు ‘హట్ ఎస్ ఈనెన్ నిశ్ట్ గెష్మెక్ట్?’ అని అడుగుతారు, నచ్చలేదా అని. అప్పుడు ‘డొఖ్, డొఖ్!’ అని రెండుసార్లు అనండి. ‘అయ్యో, అదేం లేదండీ, బాగుంది’ అన్నట్టు. కొన్నిసార్లు ప్రశ్నలో ‘లేదు’ లేకపోయినా ఇది వస్తుంది. సినిమా ఎలా ఉంది అంటే కాస్త ఆలోచించి ‘డొఖ్, గన్స్ గూట్’ అంటారు. అంటే ‘ఫర్వాలేదు, బాగానే ఉంది’. ఎదుటివాళ్లకు ‘నచ్చలేదేమో’ అన్న అనుమానం వచ్చి ఉంటుందని ఊహించి, దాన్ని ముందే తోసేస్తున్నారు.

రోజూ చేయాల్సిన సాధన: తెలుగులోనే ఎవరైనా ‘లేదా?’, ‘రావా?’, ‘తెలీదా?’ అని అడిగిన ప్రతిసారీ మనసులో నైన్ లేదా డొఖ్ అనుకోండి. జర్మన్ వాక్యాలు అక్కర్లేదు. రెండు వారాలు ఇలా చేశాక నా నాలుక నుంచి ఆ తప్పు ‘యా’ పోయింది.

మూడో అడుగు: రెండు వాక్యాల మధ్య డొఖ్

నిఘంటువులో మొదట కనిపించే ‘కానీ’ ఇదే. నిజానికి అన్నిటికంటే తేలికైనది కూడా. ‘ఏర్ ఇస్ట్ క్రాంక్, డొఖ్ ఏర్ అర్బైటెట్.’ అతనికి ఒంట్లో బాగాలేదు, కానీ పని చేస్తున్నాడు. డొఖ్ ముందు కామా తప్పనిసరి. ‘డొఖ్ అర్బైటెట్ ఏర్’ అని క్రియను ముందుకు తెచ్చినా తప్పు లేదు. మొదటిదానిలో డొఖ్ రెండు వాక్యాలను కలిపి తప్పుకుంటుంది. రెండోదానిలో అదే వాక్యంలో మొదటి స్థానం తీసుకుంటుంది కాబట్టి, జర్మన్ నియమం ప్రకారం క్రియ వెంటనే రెండో స్థానంలోకి రావాలి.

మాటల్లో ఈ పనికి ఎక్కువగా ‘ఆబర్’ అంటారు. ఈ డొఖ్ పత్రికల్లో, కథల్లో ఎక్కువ. ‘యెడొఖ్’ అనే ఇంకో రూపం ఆఫీసు ఉత్తరాల్లో కనిపిస్తుంది, దాని అర్థం ‘అయితే’, ‘కానీ’ మాత్రమే. దాని గురించి ఇంతకంటే టెన్షన్ పడక్కర్లేదు.

నాలుగో అడుగు: వాక్యం మధ్యలో వస్తే ఒత్తు చూడండి

అసలు చిక్కుముడి ఇక్కడ. డొఖ్ వాక్యం మధ్యలో కూర్చున్నప్పుడు, రాతలో ఒకేలా కనిపించే వాక్యానికి ఒత్తును బట్టి రెండు అర్థాలుంటాయి. ‘ఇశ్ హాబె డొఖ్ ట్సైట్’ అన్న వాక్యం తీసుకోండి.

డొఖ్‌ను గట్టిగా ఒత్తి పలికితే: టైమ్ లేదనుకున్నాను, తీరా చూస్తే ఉంది.

డొఖ్‌ను తేలిగ్గా దాటేసి ట్సైట్‌ను ఒత్తితే: నాకు టైమ్ ఉందిగా! నీకు తెలుసు కదా, మళ్లీ అడుగుతావేం?

మొదటిది కొత్త కబురు. పరిస్థితి మారింది. రెండోదానిలో కబురు కొత్తది కాదు. ఇద్దరికీ తెలిసినదాన్ని గుర్తు చేస్తున్నారు, అంతే.

ముందు ఒత్తున్న డొఖ్ సంగతి చూద్దాం. ఇది ‘చివరికి’, ‘అయినా’, ‘తీరా చూస్తే’ అన్న పనులు చేస్తుంది. ‘ఏర్ ఇస్ట్ డొఖ్ గెకొమ్మెన్’ అంటే రాడనుకున్నవాడు వచ్చాడు. ‘ఇశ్ కొమ్మె డొఖ్ నిశ్ట్’ అంటే వస్తానన్నాను కానీ రావట్లేదు. డ్యూటీ మార్చుకోవడానికి, అపాయింట్‌మెంట్ వద్దనుకోవడానికి ఈ ‘డొఖ్ నిశ్ట్’ వారానికి నాలుగుసార్లు పనికొస్తుంది. ‘అల్జో డొఖ్!’ అని రెండు ముక్కలే అంటే ‘అదే నేననుకున్నా!’ అని, మన అనుమానం నిజమైనప్పుడు.

ఒత్తున్న డొఖ్‌ను గుర్తుపెట్టుకోవడానికి నేను నా విద్యార్థులకు చెప్పే వాక్యం ఒకటుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకు 1633లో రోమ్‌లో గెలీలియోను విచారించి, ఆ మాటను వదులుకునేలా చేశారు. ఆ తర్వాత ఆయన గొణిగాడని చెప్పుకునే మాట జర్మన్‌లో ఇలా నడుస్తోంది: ‘ఉంట్ జీ బెవేక్ట్ జిశ్ డొఖ్.’ అయినా అది కదులుతూనే ఉంది. నిజంగా ఆయన అన్నాడనడానికి గట్టి ఆధారం లేదు, అది కథగానే మిగిలింది. కానీ ఒత్తున్న డొఖ్ ఎంత బరువు మోయగలదో ఇంతకంటే బాగా చూపించే వాక్యం నాకు దొరకలేదు. చర్చి మొత్తం ఒక వైపు, ఒక్క డొఖ్ మరో వైపు.

ఐదో అడుగు: ఒత్తు లేని డొఖ్‌కు తెలుగు తోకలు తగిలించండి

జర్మన్ నేర్చుకునే ప్రపంచమంతా భయపడే డొఖ్ ఇదే. తెలుగువాళ్లం మనం భయపడక్కర్లేదని నా గట్టి నమ్మకం. మనకు కదా, గా, లే, మరి, అబ్బా, ఏ అని మాట చివర తగిలించే చిన్న ముక్కలు బోలెడున్నాయి. ‘చెప్పాను’కూ ‘చెప్పాగా’కూ ఉన్న తేడా ఇంగ్లీషులో చెప్పమంటే తడుముకుంటాం. జర్మన్‌లో అడగండి, డొఖ్ పెడితే చాలు.

జర్మన్‌లో ఇలాంటి ముక్కలను చాలాకాలం చిన్నచూపు చూశారు. శైలి గురించి పాఠాలు చెప్పిన లుడ్విగ్ రైనెర్స్ వీటిని మన భాష బొచ్చులో పేలు అన్నాడు. 1969లో హరాల్డ్ వైట్ అనే భాషావేత్త వీటికి ‘అబ్‌ట్యోనుంగ్స్‌పార్టీకెల్’ అని పేరు పెట్టి, వాటి పనిని శ్రద్ధగా పరిశీలించాడు. అబ్‌ట్యోనెన్ అంటే రంగులో కాస్త ఇంకో రంగు కలిపి ఛాయ మార్చడం. వాక్యం అదే, ఛాయ మారుతుంది. ఎంత చక్కని పేరు!

ఈ డొఖ్ ఏ రకం వాక్యంలో వచ్చిందో చూస్తే, ఏ తోక తగిలించాలో తెలిసిపోతుంది.

మామూలు వాక్యంలో వస్తే ‘కదా’, ‘గా’. ‘డు వైస్ట్ డొఖ్’: నీకు తెలుసుగా. ‘డస్ హాబె ఇశ్ డీర్ డొఖ్ గెజాక్ట్’: నీకు చెప్పాను కదా. తోసేస్తున్నది ఏమిటి? ఎదుటివాళ్లు మర్చిపోయినట్టు ప్రవర్తించడం. వృద్ధాశ్రమంలో నేను రోజూ వినేవి ఇలాంటివే. ‘ఇశ్ హాబె డొఖ్ షోన్ గెగెసెన్’: నేను ఇందాకే తిన్నానుగా. ‘డస్ టూట్ డొఖ్ వే!’: నొప్పి పుడుతోంది కదా, చూసుకోరేం!

జ్ఞాపకం తగ్గిపోయిన ఒక పెద్దావిడ సాయంత్రమైతే కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడి అనేది: ‘ఇశ్ విల్ డొఖ్ నూర్ నాఖ్ హౌజె.’ మాటకు మాట పెడితే ‘నేను ఇంటికి మాత్రమే వెళ్లాలనుకుంటున్నాను’ అవుతుంది. అందులో ఆవిడ లేదు. ‘నేనేం పెద్ద కోరిక కోరాను, ఇంటికి పోతానన్నానంతేగా’ అన్నప్పుడే ఆవిడ ఉంది. డొఖ్ పక్కన ‘నూర్’ (మాత్రమే) వస్తే ఈ బేలతనం వస్తుంది. ఎవరో తన కోరికను పెద్ద తప్పులా చూస్తున్నారని ఆవిడకు అనిపిస్తోంది, ఆ చూపును తోసేస్తోంది. ఆ డొఖ్ వినిపించకపోతే తలుపు మూసి ఉందని చెప్పి పంపేస్తాం. వినిపిస్తే చేయి పట్టుకుని, ఇంట్లో ఎవరున్నారు, వంటింటి కిటికీలోంచి ఏం కనిపించేది అని అడుగుతాం.

చెయ్యమని చెప్పే వాక్యంలో వస్తే పని వేరు. ‘కొమ్ రైన్’ అంటే ‘లోపలికి రా’, అంతే. ‘కొమ్ డొఖ్ రైన్’ అంటే ‘రా రా, అక్కడే నిలబడ్డావేం’. ‘జెట్సెన్ జీ జిశ్ డొఖ్’: కూర్చోండి, నిలబడే ఉన్నారేం. ‘నిమ్ డొఖ్ నొఖ్ వస్’: ఇంకొంచెం వేసుకో, మొహమాటపడకు. తోసేస్తున్నది ఎదుటివాళ్ల మొహమాటాన్ని. విస్తరి ముందు మన అమ్మమ్మలు చేసే పని ఇది.

అయితే జాగ్రత్త. అదే డొఖ్ పక్కన ఎవరున్నారో చూడాలి. ‘మాల్’ లేదా ‘బిటె’ ఉంటే మర్యాద: ‘కొమ్మెన్ జీ డొఖ్ బిటె మాల్ హేర్’, ఒక్కసారి ఇలా వస్తారా. ‘ఎంట్లిశ్’ ఉంటే విసుగు: ‘కొమ్ డొఖ్ ఎంట్లిశ్!’, ఇకనైనా రావయ్యా! ‘లస్సెన్ జీ మిశ్ డొఖ్ ఇన్ రూఎ!’ అంటే నన్ను వదిలేయండి బాబూ అని. అప్పుడు తోసేస్తున్నది మొహమాటాన్ని కాదు, ఎదుటివాళ్ల మొండితనాన్ని.

చివర్లో గొంతు లేపి అడిగితే, ‘డు కొమ్స్ట్ డొఖ్ మొర్గెన్?’ రేపు వస్తావు కదా? అవుననే జవాబు ఆశిస్తున్నారు, కానీ చిన్న భయం ఉంది. ఇక్కడ పదాల వరస మామూలు వాక్యానిదే, క్రియ ముందుకు రాదు. క్రియ ముందుకొచ్చే నిజమైన ప్రశ్నలో ఈ తేలికపాటి డొఖ్ ఇమడదు. అక్కడ ‘డెన్’ అనే ఇంకో చిన్న ముక్క వాడతారు. ‘కొమ్స్ట్ డు డొఖ్?’ అని వింటే అది ఒత్తున్న డొఖ్: ‘రానన్నావు, మరి వస్తున్నావా?’

పేరు గుర్తు రాకపోతే ‘వీ హైస్ట్ ఏర్ డొఖ్ గ్లైశ్?’ అంటారు. ‘అతని పేరేంటబ్బా!’ నోటి చివర ఉంది, రావట్లేదు. ఈ ఒక్క సందర్భంలో మన ‘అబ్బా’కు నేను చూసినంతలో ఇంత దగ్గరి మాట వేరే లేదు.

కోరికల్లో: ‘వెన్ ఏర్ డొఖ్ కేమె!’ అతను వస్తే ఎంత బాగుండు! ‘హెటె ఇశ్ డొఖ్ మేర్ గెలెర్న్ట్!’ ఇంకాస్త చదివి ఉంటే బాగుండేది! నిజం దానికి ఎదురుగా ఉందని తెలుసు, అందుకే డొఖ్. నమ్మలేనప్పుడు ‘డస్ కన్ డొఖ్ నిశ్ట్ వార్ జైన్!’ అదెలా కుదురుతుంది, నిజమై ఉండదు!

ఆరో అడుగు: ‘యా’తో కలిపి చూడండి

ఒంటరిగా ‘అవును’ అనే యా కూడా వాక్యం మధ్యలో ఇలాగే ఛాయ మారుస్తుంది. రెంటినీ పక్కపక్కన పెడితే డొఖ్ స్వభావం ఇంకా స్పష్టమవుతుంది. కిటికీ తెర తీసి ‘ఎస్ రేగ్నెట్ యా!’ అంటే ‘అరె, వాన పడుతోందే!’ ఆశ్చర్యం మాత్రమే. ‘ఎస్ రేగ్నెట్ డొఖ్’ అంటే ‘వాన పడుతోందిగా’. ఎవరో బయటికి వెళ్దామన్నారు, లేదా గొడుగు మర్చిపోయారు. వాన వాళ్ల మాటకు అడ్డు. యాలో ఎదురు లేదు. డొఖ్‌లో ఎప్పుడూ ఉంటుంది.

ఆ ఎదురు డొఖ్ చుట్టాల్లోనూ కనిపిస్తుంది. పాత జర్మన్‌లో దీని రూపం ‘దొహ్’. ఇంగ్లీషులో ‘అయినా’ అనే అర్థంలో వాడే ‘దో’, డచ్‌వాళ్ల ‘తొఖ్’ దీని అక్కచెల్లెళ్లే.

ఏడో అడుగు: వాడటం, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం

వినడం వచ్చాక వాడటానికి ఒక వరస పెట్టుకోండి. మొదటి నెల జవాబు డొఖ్ మాత్రమే. అది తప్పిస్తే నష్టం ఎక్కువ, నేర్చుకోవడం తేలిక. రెండో నెల ‘డొఖ్ నిశ్ట్’, ‘అల్జో డొఖ్’. తర్వాత పిలుపుల్లో: కొమ్మెన్ జీ డొఖ్, జెట్సెన్ జీ జిశ్ డొఖ్. ఇవి పొరపాటున ఎక్కువైనా ఎవరూ నొచ్చుకోరు.

‘కదా’ డొఖ్‌ను చివరికి ఉంచండి. అందులో ఎత్తిపొడుపు ఉంది. ‘డస్ హాబె ఇశ్ ఈనెన్ డొఖ్ గెజాక్ట్’ అని పై అధికారితోనో, రోగి కొడుకుతోనో అంటే ‘మీకు చెప్పాగా, వినలేదా’ అన్నట్టే తగులుతుంది. తెలుగులో కూడా పెద్దవాళ్లతో ‘చెప్పాగా’ అనం కదా. మీరు తెలుగులో ఆ తోక తగిలించడానికి వెనకాడే చోట జర్మన్‌లోనూ డొఖ్ తీసేయండి. ఈ కొలత నన్ను చాలాసార్లు కాపాడింది.

చోటు విషయంలో ఒక్క మాట. ఒత్తు లేని డొఖ్ వాక్యం మొదట రాదు. క్రియ తర్వాత, ఇశ్, డీర్, ఎస్ లాంటి చిన్న సర్వనామాలను ముందు వెళ్లనిచ్చి, వాటి వెనక నిలబడుతుంది. ‘ఇశ్ హాబె ఎస్ డీర్ డొఖ్ గెజాక్ట్’ సరైన వరస. ఇంకా, దరఖాస్తుల్లో, ఆఫీసు ఉత్తరాల్లో ఈ డొఖ్ రాయకండి. అది నోటిమాట. పరీక్షలో స్నేహితుడికి రాసే ఉత్తరంలో మాత్రం ‘కొమ్ డొఖ్ మాల్ వోర్బై’, ఒకసారి వచ్చిపో, అని ఒక్కటి పడితే మాట జీవం పోసుకుంటుంది.

ఎనిమిదో అడుగు: ఒక సంభాషణ మీద పరీక్షించుకోండి

కింది మాటలు పైకి చదవండి. ప్రతి డొఖ్ దగ్గరా ఆగి, అది దేన్ని తోస్తోందో చెప్పుకున్నాకే కిందికి వెళ్లండి. నేను పక్కింటావిడ తలుపు కొట్టాను.

ఆవిడ: కొమ్మెన్ జీ డొఖ్ రైన్!
నేను: ఇశ్ విల్ నిశ్ట్ ష్ట్యోరెన్.
ఆవిడ: జీ ష్ట్యోరెన్ డొఖ్ నిశ్ట్! ట్రింకెన్ జీ కైనెన్ కఫే?
నేను: డొఖ్, గెర్న్.
ఆవిడ: ఇర్ మన్ ఇస్ట్ డొఖ్ ఇన్ ఇందియెన్?
నేను: నైన్, ఏర్ ఇస్ట్ డొఖ్ నిశ్ట్ గెఫ్లోగెన్.
ఆవిడ: అల్జో డొఖ్! ఇశ్ హాబె ఈన్ డొఖ్ గెస్టెర్న్ గెజేఎన్.

మొదటిది గుమ్మం దగ్గర నా మొహమాటాన్ని తోసింది: రండి రండి. రెండోది, ‘ఇబ్బంది పెట్టను’ అన్న నా మాటను: ఇబ్బందేముందండీ. మూడోది నాది. ‘కాఫీ తాగరా?’ అన్న ప్రశ్నలోని ‘తాగరు’ను తోసింది: ఎందుకు తాగను, సంతోషంగా. నాలుగోది గొంతు లేపి అడిగినది: మీ ఆయన ఇండియాలో ఉన్నారు కదా? ఆవిడకు తెలిసిన కబురు అదే, కానీ ఏదో తేడాగా అనిపించి తేల్చుకుంటోంది. ఐదోదాన్ని ఒత్తి పలకాలి: లేదండీ, తీరా వెళ్లలేదు. ఆయన ప్రయాణం అనుకున్న మాటను అది తోసేసింది.

చివరి వరసలో రెండున్నాయి, రెండూ ఒకటి కావు. అల్జో డొఖ్‌లో ఒత్తుంది: అదే అనుకున్నా! గెజేఎన్ ఉన్న వాక్యంలో డొఖ్ మీద ఒత్తు లేదు: నిన్న ఆయన్ని చూశానుగా! తన కళ్లను తనే అనుమానించుకున్న ఆవిడ, ఆ అనుమానాన్ని తోసేసి కాఫీ కప్పులు తీయడానికి లేచింది.